కేబిన్ వెనక గొట్టం

నేను ఒక సైలెన్సర్ గొట్టాన్ని. రోడ్డు మీద మోటారుసైకిళ్ళకు వేలాడే రకం కాదు. విశాఖపట్నం చేపలరేవులో ఒక మరబోటుకు అమర్చిన, రెండు నిలువుల పొడవున్న ఇనప గొట్టాన్ని. కింద ఇంజన్ గదిలో మొదలై, ఒక వంపు తిరిగి, మనుషులు పడుకునే కేబిన్ వెనక మూల గుండా పైకి లేచి, కప్పు దాటి ఆకాశంలోకి తలెత్తి నిలబడేదాన్ని. ఇంజన్ తాగే డీజిలు ఎంత ఖరీదైనదైనా నా దాకా వచ్చేది దాని ఎంగిలే. ఆ ఎంగిలిని ఎవరి ముక్కుకూ తగలకుండా బయట పారబోయడమే నా ఉద్యోగం.

రేవు గేటు బయట కలీముల్లా షెడ్డులో పుట్టాను. కలీముల్లా మెకానిక్కు. ఇనుముతో మాట్లాడుతూ పనిచేసే అలవాటు అతనిది. లారీ నుంచి దించిన గొట్టాల్లో నన్ను ఏరి, వేలితో గోడ మందం చూసి, "నువ్వు రా తల్లీ" అన్నాడు. కోశాడు, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచాడు, కింది అంచుకు పళ్ళెంలాంటి ఫ్లాంజి అతికాడు. ఫ్లాంజి అంటే చుట్టూ బోల్టుల కన్నాలున్న ఇనప చక్రం. ఇంజన్ గొట్టమూ నేనూ చెయ్యి కలిపే చోటు అది. ఇద్దరి మధ్యా వేడికి ఓర్చే గాస్కెట్ ఒకటి పెడతారు. వంపు కింద ఒక చిన్న మర కూడా బిగించాడు, లోపల నీరు చేరితే విప్పి వదిలేయడానికి. ఒంటి మీద ఎవరి చెయ్యీ కాలకుండా ఆస్బెస్టాస్ తాడు చుట్టాడు.

నా మొదటి యజమాని అర్జిల్లి పరశయ్య. తన బోటు మీద తనే సరంగు, అంటే చక్రం పట్టి నడిపేవాడు. బోటు పేరు గౌరీపరమేశ్వరి. సముద్రంలోకి దించిన రోజున ఇంజన్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రానికి నిమ్మకాయలు. నా దగ్గరికి ఎవరో వచ్చి అగరొత్తి పొగ చూపించి వెళ్ళారు. పొగగొట్టానికి పొగ చూపించడంలోని విడ్డూరం అక్కడ ఎవరికీ తట్టలేదు. నాకూ అప్పటికి తట్టలేదు, కొత్తదాన్ని కదా.

పరశయ్య ముక్కోపి. బోటు పని చేసే కలాసీలను తిట్టేవాడు, గాలిని తిట్టేవాడు, చేప పడకపోతే వలను తిట్టేవాడు. కానీ ప్రతి వేట నుంచి తిరిగి రాగానే ఇంటికి పోకముందు ఇంజన్ గదిలోకి దిగేవాడు. టార్చి వేసి నా అతుకుల చుట్టూ వెతికేవాడు. పొగ కారే చోట నల్లటి చార పడుతుంది. ఆ చార కోసం అతని వెతుకులాట. బోల్టులు బిగించేవాడు, మర విప్పి నీళ్ళు వదిలేవాడు, పైకెక్కి నా నోటి మీద వానమూత సరిగా పడుతోందో లేదో చూసేవాడు. ఒకసారి కలాసీ ఒకడు విసుక్కున్నాడు.

"ఏటి మావా, దానికంత సేవ? పొగే కదేటి!"

"ఇంజన్ ఆగిపోతే ఎవుడో ఒకడు తాడేసి లాక్కొస్తాడ్రా," అన్నాడు పరశయ్య. "పొగ నోపలికొచ్చిందనుకో, తాడందుకోడానికి బోట్లో మనిషుండడు."

చాలా ఏళ్ళు అలా నడిచింది. మోకాళ్ళు మొరాయించాక ఇంజన్ గది నిచ్చెన దిగలేకపోయాడు. దిగలేని బోటు నాకెందుకని అమ్మేశాడు.

కొన్నవాడు వాసుపల్లి జగన్నాయకులు. చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. పేటలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు అతని ఆటోనే వచ్చేది. కానీ అతనికి సముద్రం సెల్‌ఫోనులో వినపడే గొంతు మాత్రమే. గట్టున నిలబడి ఐసు ఎక్కించడం, చేప దించడం, మళ్ళీ పంపడం, ఇదే అతనికి తెలిసిన వేట. బోటులో ఏది పాడైందని చెప్పినా ఒకటే జవాబు: "వేట నిషేధంలో చూద్దాం." ప్రభుత్వం ఏటా వేసవిలో చేపలు పట్టనివ్వని రోజులుంటాయి, బోట్లన్నీ గట్టున కడతారు. అన్ని మరమ్మతులూ అప్పుడే అని అతని లెక్క. ఇనుముకు క్యాలెండరు చూడటం రాదు.

ముందు నా వానమూత గాలికి ఎగిరిపోయింది. దాని బదులు రంగు డబ్బా ఒకటి బోర్లించారు. అదీ ఎగిరిపోయింది. ఆ పైన వానంతా నా గొంతులోకే. నీరు దిగి వంపులో నిలిచింది, మర విప్పే మనిషి లేడు. ఉప్పుగాలి, మసి, వాననీరు కలిసి వంపును లోపలి నుంచి కొరుక్కు తిన్నాయి. తర్వాత నన్ను గోడకు పట్టి ఉంచే క్లాంపు విరిగింది. వెల్డింగుకు తీరిక లేక తీగతో కట్టారు. నా బరువంతా కింది ఫ్లాంజి మీద పడింది. ఇంజన్ వణికినప్పుడల్లా బోల్టులు సాగాయి, గాస్కెట్ అంచు కాలి రాలింది. నల్లచార పడింది.

ఆ చారను చూసినవాడు పిల్లా తాతారావు, బోటు ఇంజన్ డ్రైవరు. నెమ్మదైన మనిషి. జగన్నాయకులు అతనికి బావ వరస. గట్టున ఐసు దిమ్మలు దించుతుంటే వెళ్ళి చెప్పాడు.

"బావా, గొట్టం అతుకు పోయింది. పొగ కేబిన్‌లోకి కొడతంది."

"తడి గోనె సుట్టకూడదేటి?"

"సుట్టినాను. కాలిపోయింది."

"మళ్ళీ సుట్టు. నిషేధం ఎంత దూరముందిరా? అప్పుడు మొత్తం మార్పించేద్దాం."

తాతారావు మళ్ళీ గోనె చుట్టాడు, దాని మీద రేకు చుట్టాడు, రేకు మీద తీగ చుట్టాడు. పెద్ద దెబ్బ తగిలినవాడి కాలికట్టులా తయారయ్యాను. బోటు బయలుదేరింది.

కళింగపట్నం ఎదుట సముద్రంలో మమ్మల్ని ముసురు పట్టుకుంది. వల నీళ్ళలో ఉంది, ఇంజన్ రొప్పుతూ లాగుతోంది. అలా బరువు మీద లాగేటప్పుడు నా లోపల పొగ చిక్కబడుతుంది. వాన జల్లు లోపలికి కొడుతోందని కేబిన్ తలుపులు మూసేశారు, కిటికీలు బిగించేశారు. ముందు భాగంలో చక్రం దగ్గర సరంగు దానయ్య ఒక్కడే దారి కనపడటానికి చిన్న కిటికీ తెరుచుకున్నాడు. మధ్యాహ్నం అన్నాలు తిని కలాసీలు పడుకున్నారు. వంటవాడు ఎల్లాజీ అందరికీ వడ్డించి, తను తిని, తడిసిన చొక్కా విప్పి, వెచ్చగా ఉంటుందని నా పక్కన మూలలో చేరాడు. చలికి వణికే మనిషికి నా వేడి ఎంత హాయో నాకు తెలుసు. నా దగ్గరికి ఎవరైనా ఇష్టంగా వచ్చేది చలిలోనే.

చీలిన అతుకులోంచి పొగ చెక్కగోడ సందుల గుండా వాళ్ళ దగ్గరికి పాకింది. డీజిలు వాసన వాళ్ళకు అలవాటే. అందులో దాగి వచ్చే విషానికి మాత్రం రంగూ లేదు, వాసనా లేదు.

తాతారావు టీ కోసం ఇంజన్ గది నుంచి పైకి వచ్చాడు. నిచ్చెన ఎక్కుతుంటేనే తల దిమ్మెక్కింది, చెవుల్లో హోరు. తలుపు తోసి చూస్తే కలాసీలు నోళ్ళు తెరుచుకుని పడున్నారు. ఒకడు పడుకున్నచోటే వాంతి చేసుకున్నాడు.

"ఏటయిందిరా వీడికి?" అన్నాడు తాతారావు.

"కూర పడినట్టు నేదు," అన్నాడు దానయ్య చక్రం దగ్గర నుంచి. "నాకూ తలకాయ పగిలిపోతంది."

తాతారావు వాంతి చేసుకున్నవాడి మీదికి వంగాడు. "సముద్రంలో పుట్టినోళ్ళం. మనకి వాంతులేటి దానయ్యా?" అన్నాడు. అనేసి నా వైపు చూశాడు. నా వెనక గోడ చెక్కలు మసిబారి ఉన్నాయి. కింద ఎల్లాజీ కదలడం లేదు.

"ఎల్లాజీ! లెగరా! ఒరే, లెగు!"

లేవలేదు. తాతారావు కేబిన్ తలుపులు రెండూ బార్లా తెరిచి, కిటికీల గడియలు లాగేశాడు. ఎల్లాజీ చంకల కింద చేతులు వేసి డెక్కు మీదికి ఈడ్చాడు. ఒక్కొక్కరినే తట్టి, కొట్టి, లాగి వానలో పడేశాడు. అతని కాళ్ళే తడబడుతున్నాయి. రెండుసార్లు గుమ్మం పట్టుకుని ఆగి, మొహం బయట పెట్టి ఊపిరి పీల్చుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

"ఇంజన్ కట్టేస్తన్నాను," అని అరిచాడు.

"పిచ్చా నీకు?" దానయ్య కూడా అరిచాడు. "వల దిగుంది. ఇంజన్ ఆపితే బోటు అడ్డం తిరుగుద్ది. కెరటం పక్కన కొడితే మునిగిపోతాం!"

"వల తాడు మోరకి కట్టు. వల బరువే లంగరవుద్ది, మోర కెరటానికి ఎదురుంటాది. బేగి కట్టు, నానాపుతాను."

దానయ్య కలాసీలను కేకేశాడు. ఇద్దరు కలాసీలు తూలుతూనే లేచి తాడు పట్టారు. వల తాడును బోటు ముందు కొనకు, అంటే మోరకు, కట్టగానే తాతారావు కిందికి దిగి ఇంజన్ ఆపేశాడు. నడిసముద్రంలో ఇంజన్ ఆగి నేను చల్లబడటం నా జీవితంలో అదే మొదటిసారి. నిశ్శబ్దంలో వాన చప్పుడూ, కెరటాల చప్పుడూ, ఎవరో దగ్గుతున్న చప్పుడూ. బోటు ఊగింది, మోర పక్కకు లాగింది, తాడు బిర్రుగా సాగి కిర్రుమంది. తర్వాత మెల్లగా మోర కెరటానికి ఎదురు తిరిగి నిలిచింది.

నా ఒళ్ళు పూర్తిగా చల్లారే దాకా ఆగే తీరిక తాతారావుకు లేదు. గోనె, రేకు, ఆస్బెస్టాస్ తాడు ఊడదీశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. గాస్కెట్ సగం లేదు. ఫ్లాంజి నుంచి వంపు మీదికి వేలంత పగులు పాకి ఉంది. అతని దగ్గర వేరే గాస్కెట్ లేదు. వంటపెట్టె దగ్గరికి పోయి అన్నం తపేలా మూత తెచ్చాడు. దాన్ని సుత్తితో కొట్టి, ఉలితో చక్రంలా కోసి, ఆస్బెస్టాస్ తాడు పోగులు రెండు పక్కలా పరిచి అతుకులో పెట్టాడు. నట్లు మార్చి బిగించాడు. పగులుకు బిస్కెట్ డబ్బా రేకు చుట్టి, సందుల్లో బోటు చెక్కలకు పూసే లప్పం కూరి, తీగతో కట్టాడు. ఎల్లాజీ బతుకుతాడో లేదో తెలియదు, చేతులు మండుతున్నాయి, బోటు ఊగుతోంది. అయినా ఆ మనిషి ప్రతి నట్టునూ వరసగా కాక, ఎదురెదురుగా మార్చి మార్చి బిగించాడు. అలా అయితేనే అతుకు సమంగా కూర్చుంటుంది. ఆ ఓపికను నేనింతవరకూ మరచిపోలేదు.

ఇంజన్ మళ్ళీ రాజుకుంది. వల ఎత్తుకుని, మెల్లగా, సగం వేగంతో రేవు వైపు తిరిగాం. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు తాతారావు.

"తడిస్తే జలుబు సేస్తాది, అంతే కదా! బయటే కూకోండి."

ఎల్లాజీ తలను ఒక కలాసీ ఒళ్ళో పెట్టుకుని, మీద టార్పాలిన్ పట్టి, దారి పొడుగునా చెంపలు తడుతూనే ఉన్నాడు. దానయ్య వణుకుతూ చక్రం పట్టాడు. భీమిలి దాటుతుండగా ఎల్లాజీ మూలిగాడు. ఆ మూలుగుకు బోటంతా ఏడ్చింది. ముక్కోపులు, మాట తక్కువవాళ్ళు, అందరూ ఏడ్చారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు ఆక్సిజన్ పెట్టించింది. అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అనీ, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదనీ చెప్పింది. మిగిలినవాళ్ళు కోలుకున్నారు. ఎల్లాజీ లేచి నడిచాడు గానీ చెయ్యి వణుకు మిగిలింది. కూతుర్ని పిలవబోయి చెల్లెలి పేరుతో పిలిచేవాడు. ఆ పిల్ల సరిదిద్దకుండా పలికేదట. ఇవన్నీ తాతారావు మాటల్లో నేను విన్నవి.

జగన్నాయకులు ఆసుపత్రికి రోజూ వెళ్ళాడు. ఎల్లాజీ మంచం పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. అది దొంగ ఏడుపు కాదు. కానీ వారం తిరగకముందే రేవులో రొయ్య పడుతోందన్న వార్త పాకింది. పక్క బోట్లు నిండి వస్తున్నాయి. జగన్నాయకులు గట్టుకు వచ్చి నా వంపు మీది కట్టు చూశాడు.

"ఈ కట్టుతోనే కదా కళింగపట్నం నుంచి వచ్చేరు? గట్టిగానే ఉంది. ఒక్క వేట కొట్టి వచ్చేక మారుద్దాం."

ఒకసారి ప్రాణం నిలబెట్టిన కట్టు మనుషుల కళ్ళకు బాగుచేసినట్టే కనపడుతుంది. ఇనుము కంటే మనుషుల నమ్మకమే తొందరగా వంగుతుందని నాకు ఆరోజు తెలిసింది.

"నాను దిగను బావా," అన్నాడు తాతారావు.

"అయితే వేరే డ్రైవర్ని పెట్టుకుంటాను. ఏటి సెయ్యమంటావు? రొయ్య నీకోసం ఆగుద్దేటి?"

కాస్త దూరంలో వేలంపాట దగ్గర తాతారావు భార్య నూకరత్నం చేపలు కొంటోంది. రేవులో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. జగన్నాయకులు ఆమెకు అన్న వరస. అతని బోటు చేప సగం ఆమె బుట్టల్లోకే దిగేది. ఈ మాటలు విని బుట్ట కింద పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి బోటు మీదికి ఎక్కేసింది. ఆడవాళ్ళు బోటెక్కకూడదని కొందరికి అక్కడో నమ్మకం. ఆరోజు ఆ నమ్మకం గట్టున నిలబడి చూస్తూ ఉండిపోయింది.

"రా అన్నా," అంది. "బోటు మంచిదే అంటన్నావు కదా, కేబిన్‌లో ఓపాలి కూకుందాం."

"ఏటి రత్నం ఇది? దిగు."

"కిటికీలు మూయించు, తలుపెయ్యి. ఈయన ఇంజన్ ఎత్తుతాడు. నువ్వూ నేనూ ఎల్లాజీ పడుకున్న మూలే కూకుని కబుర్లు సెప్పుకుందాం. గట్టిగా ఉంది కదా కట్టు, నీకు బయమేటి?"

గట్టంతా చూస్తోంది. జగన్నాయకులు నవ్వబోయి నవ్వలేక లోపలికి వచ్చాడు. నా పక్కన చెక్క మీద ఇద్దరూ కూర్చున్నారు. కిటికీలు మూశారు. తాతారావు ఒకసారి తన భార్య మొహం చూసి తలుపులు వేశాడు. కిందికి దిగి ఇంజన్ ఎత్తి, ఒక చెయ్యి ఆపే మీట మీదే ఉంచాడు.

నేను చేయగలిగిందంతా చేశాను. పగులు బిగపట్టుకుందామనుకున్నాను. కానీ గొట్టానికి పట్టుదల ఒక్కటే చాలదు, ఇనుము కూడా ఉండాలి. తాతారావు వేగం పెంచగానే బిస్కెట్ రేకు అంచు లేచింది. సన్నటి నల్లటి పొగ గోడ సందులోంచి దారంలా దిగింది. జగన్నాయకులు దాన్నే చూస్తున్నాడు. నూకరత్నం దాన్ని చూడలేదు. అన్న మొహమే చూస్తోంది.

"వదిన ఎలగుంది?" అంది మామూలుగా. "నడుం నొప్పి తగ్గిందా?"

 అతని కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. గొంతు సవరించుకున్నాడు. ఆమె లేస్తుందేమోనని చూశాడు. ఆమె కొంగు సర్దుకుని ఇంకాస్త వెనక్కి జేరబడింది. తనంతట తాను ఈ మనిషి లేవదని అతనికి అర్థమైంది. లేచి తలుపు కాలితో తన్నాడు.

"కట్టీరా తాతారావూ! ఇంజన్ కట్టీ!"

డెక్కు మీద నిలబడి చాలాసేపు దగ్గాడు. తర్వాత గట్టున ఉన్నవాళ్ళ వైపు చూడకుండా, "కలీముల్లాని పిలవండి," అన్నాడు. "ఈ బోటు ఇప్పుడు కదలదు."

నూకరత్నం దిగి బుట్ట ఎత్తుకుంది. మళ్ళీ వేలంపాట వైపు నడిచింది.

కలీముల్లా వచ్చి నన్ను విప్పాడు. వంపు మీద సుత్తితో కొడితే సుత్తి మొన లోపలికి దిగిపోయింది. "నీకు నేనిచ్చిన మందం ఏమైపోయింది తల్లీ," అని నిట్టూర్చాడు. కొత్త గొట్టం చేశాడు. ఈసారి దారి కూడా మార్చాడు. కేబిన్ లోపలి నుంచి కాకుండా వెనక బయటివైపు నుంచి పైకి తీశాడు. ఇంజన్ వణుకు గొట్టానికి తగలకుండా మధ్యలో ముడతల ముడతల సాగే జాయింటు వేశాడు. రెండు చోట్ల క్లాంపులు, పైన తిరగబడే మూత, చుట్టూ కొత్త తొడుగు. కేబిన్ గోడకు విషవాయువు పసిగట్టి కూతపెట్టే చిన్న పెట్టె ఒకటి తగిలించారు. రొయ్య సీజను దాటిపోయింది. జగన్నాయకులు రోజూ వచ్చి నిలబడి పని చూసేవాడు. ఒకరోజు చొక్కా విప్పి, టార్చి పట్టుకుని, తనే ఇంజన్ గది నిచ్చెన దిగాడు. దిగేటప్పుడు తల పైకప్పుకు తగిలింది. ఎవరూ నవ్వలేదు, తాతారావు మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కొత్తదాని మీద నాకు అసూయ లేదా అంటే, మొదట్లో కాస్త ఉండేది. నా చోటు అది. కానీ అది మొదటిసారి ఊపిరి వదిలినప్పుడు షెడ్డు దాకా వినపడింది. ఎక్కడా చీలిక లేని నిండు గొంతు. ఆ గొంతు విన్నాక అసూయ నిలవలేదు.

ఇప్పుడు నేను కలీముల్లా షెడ్డు వెనక తుక్కులో ఉన్నాను. విరిగిన ఫ్యాన్లు, తుప్పు పట్టిన లంగర్లు, తలుపు లేని ఫ్రిజ్జు నా ఇరుగుపొరుగు. కరిగించే కార్ఖానాకు పోయే లారీ నిన్న వచ్చింది. నా వంపును కోసి అందులో వేసేశారు. పైభాగం నిటారుగా, మందంగా, ఇంకా ఆరోగ్యంగా ఉంది. దాన్ని చూసి కలీముల్లా లారీవాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇది ఉండనీ భాయ్. దీంట్లో ఇంకా పని ఉంది."

సుద్దతో గీత గీశాడు. ఇంకెవరిదో బోటు వచ్చిందట, దాని గొట్టం మధ్యలో పుచ్చిపోయిందట, అంత మేర నన్ను కోసి అందులో అతుకుతాడట. ఆ బోటు పేరు నాకు తెలియదు, సరంగు ఎవరో తెలియదు, వంటవాడు ఎక్కడ పడుకుంటాడో తెలియదు. మూరెడు ముక్కనే మిగిలాను. ఆ మూరెడు మేరా ఒక్క పోగు పొగ పక్కకు పోనివ్వను.

కోత యంత్రం మోత మొదలైంది. నిప్పురవ్వలు లేస్తున్నాయి. కానివ్వు కలీముల్లా, గీత మీదే కొయ్యి.